నక్కతోక ఆర్కిడ్: ఆకు కాదు, వేరు చూడండి

అందరికీ నమస్కారం. వెనక వరసలో ఉన్నవాళ్లకి వినబడుతోందా? సరే. ముందు ఒక చిన్న పని చేసి మాటల్లోకి వెళ్దాం. ఇదిగో, ఈ మొక్క చూడండి. చెక్కముక్కకి కట్టి ఉంది. మట్టి లేదు, కుండీ లేదు. కింద వేలాడుతున్నవన్నీ వేళ్లు. ఏ రంగులో ఉన్నాయి? తెలుపు. సున్నం పూసినట్టు, కాస్త బూడిద కలిసిన తెలుపు. అక్కడెవరో ఎండిపోయాయి అంటున్నారు. లేదండీ, ఎండిపోలేదు. దాహం వేసింది, అంతే. ఎండిపోవడానికీ దాహానికీ చాలా తేడా ఉంది. ఈ రోజు నేను మాట్లాడేదంతా ఇంచుమించు ఆ తేడా గురించే. ఇప్పుడు దీన్ని ఈ బకెట్‌లో పెడుతున్నాను. వేళ్లు మాత్రమే నీళ్లలో, ఆకులు పైనే. కాసేపయ్యాక తీసి చూద్దాం. ఎవరైనా గుర్తుచేయండి, నేను మాటల్లో పడితే మర్చిపోతాను.

దీని శాస్త్రీయ నామం రింకోస్టైలిస్ రెట్యూసా. నోరు తిరగకపోయినా ఫర్వాలేదు. ఇంగ్లీషులో ఫాక్స్‌టెయిల్ ఆర్కిడ్ అంటారు, అంటే నక్కతోక. పూసినప్పుడు చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో ఎవరూ చెప్పక్కర్లేదు. మూరెడు పొడవున ఒకే గుత్తి కిందికి జారుతుంది. వందకి పైగా పూలు, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ. తెల్లటి రేకుల మీద వంగపూవు రంగు చుక్కలు, నడుమ పెదవిలాంటి రేక మాత్రం ముదురు రంగు. అసోం, అరుణాచల్ ప్రదేశ్ రెండు రాష్ట్రాలకీ ఇదే రాష్ట్ర పుష్పం. అసోంలో కొపౌ అంటారు.

మనవాళ్లు అదృష్టం కలిసొచ్చినవాణ్ణి చూసి "నక్కతోక తొక్కొచ్చాడు" అంటారు కదా. మొదటి మొక్క ఇంటికి తెచ్చుకున్న రోజు నేనూ అలాగే అనుకున్నాను. నాలుగు నెలల్లో చంపేశాను.

ఎలా చంపానో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇక్కడున్న వాళ్లలో సగంమంది అలాగే చంపి ఉంటారు. నవ్వుతున్నారంటే నిజమేనన్నమాట. పెద్ద కుండీ తీసుకున్నాను. ఎర్రమట్టి, వర్మీకంపోస్ట్, కోకోపీట్ కలిపి నింపాను. గులాబీకి ఏమేం చేస్తామో అవన్నీ చేశాను. పొద్దున నీళ్లు, సాయంత్రం నీళ్లు. రెండు నెలలు ఆకులు పచ్చగా, గట్టిగా ఉన్నాయి. ఆహా, మన చెయ్యి మంచిదే అనుకున్నాను. మూడో నెలలో ఆకులు కొంచెం ముడతలు పడ్డాయి. నీళ్లు చాలడం లేదేమో అనుకుని ఇంకో చెంబు ఎక్కువ పోశాను. తరవాత ఒకరోజు ఆకు మీద దుమ్ము తుడుద్దామని పట్టుకుంటే మొక్క మొత్తం చేతికొచ్చేసింది. కింద వేళ్లే లేవు. మిగిలిన ఒకటి రెండిటిని నొక్కితే పైతొక్క జారిపోయి, లోపల దారంలాంటి నరం మాత్రం మిగిలింది.

మరి వేళ్లు లేని మొక్క అన్నాళ్లు పచ్చగా ఎలా ఉంది? ఆకుల్లో దాచుకున్న నీళ్లతో బతికింది. ఈ ఆకు మందం చూడండి, చెప్పు తోలులా ఉంది. ఇందులో నిల్వ ఉంటుంది. అందుకే ఈ మొక్కకి ఏదైనా కష్టం వస్తే ఆకు అన్నిటికంటే ఆలస్యంగా చెప్తుంది, వేరు ముందే చెప్తుంది. మనం చూసేది ఆకుని. అక్కడే వస్తోంది చిక్కంతా.

ఇది చెట్టుమీద పెరిగే మొక్క. మనవాళ్లు చెట్టుమీద ఏది కనబడినా బదనిక అనేస్తారు. బదనిక చెట్టులోకి వేరు దింపి రసం పీలుస్తుంది. ఇది పీల్చదు. చెట్టు దీనికి ఇల్లు మాత్రమే, అన్నం పెట్టే అమ్మ కాదు. ఈ పొరపాటు ఇవాళ్టిది కాదు లెండి. దీని దగ్గరి చుట్టం వాండా అనే ఆర్కిడ్ ఉంది. ఆ పేరు సంస్కృతంలోని వందా నుంచి వచ్చింది, ఆ మాటకీ బదనిక అనే అర్థం. తప్పు అర్థం, కానీ పేరు స్థిరపడిపోయింది.

హిమాలయాల కింది కొండల్లో, మన తూర్పు కనుమల్లో, పడమటి కనుమల్లో, శ్రీలంకలో, అటు మయన్మార్, థాయ్‌లాండ్ మీదుగా ఫిలిప్పీన్స్ దాకా ఇది ఉంది. అంటే వేడికి అలవాటు పడిన మొక్క. ఇక్కడ ఒక్కసారి కళ్లు మూసుకుని ఊహించుకోండి. కొండమీద ఒక పెద్ద చెట్టు. ఆ బెరడుని పట్టుకుని ఈ మొక్క. వాన కురిసింది. నీళ్లు బెరడు మీదుగా జారి ఎంతసేపట్లో పోతాయి? వాన వెలిసిన కాసేపటికే. తరవాత గాలి. ఆ గాలికి పూటలో ఆరిపోతుంది. వేరు నిండా తడవడం, త్వరగా ఆరడం. మళ్లీ తడవడం, మళ్లీ ఆరడం. దీని బతుకంతా ఇంతే. నేనేం చేశాను? అలాంటిదాన్ని తీసుకెళ్లి తడిమట్టిలో పాతిపెట్టాను. ఊపిరాడక చచ్చింది.

ఇప్పుడు వేరు సంగతి. వేరు పైన తెల్లగా కనబడేది చర్మం కాదు, ఒక స్పాంజి. దాన్ని వెలమెన్ అంటారు. అవన్నీ చచ్చిన కణాలు, లోపల ఖాళీ, గాలి నిండి ఉంటుంది. గాలి ఉంది కాబట్టి తెల్లగా కనబడుతుంది, సబ్బు నురగ తెల్లగా ఉన్నట్టు. నీళ్లు తగలగానే ఆ ఖాళీలు నిండిపోతాయి. అప్పుడేమవుతుందో...

ఆ, బకెట్! మంచిపని చేశారమ్మా, గుర్తుచేశారు. చూడండి. ఇందాక తెల్లగా ఉన్న వేళ్లు ఇప్పుడేం రంగు? పచ్చ. రంగు వేయలేదు నేను. వెలమెన్‌లో నీళ్లు నిండగానే అది గాజులా అయిపోయింది, లోపలున్న పచ్చదనం బయటికి కనబడుతోంది. ఆ పచ్చదనం ఆకులో ఉండే పత్రహరితమే. అంటే ఈ మొక్క వేళ్లతో కూడా ఎండని పట్టుకుని ఆహారం చేసుకుంటుంది. మరి వేళ్లని చీకట్లో, మట్టిలో పూడ్చిపెడితే?

దగ్గరికి రండి, ముందు వరసవాళ్లు. పచ్చటి వేరు మీద అక్కడక్కడ సన్నటి తెల్లగీతలు కనబడుతున్నాయా? గోరుతో గీసినట్టు ఉన్నాయి. అవి తడవవు. వేరు తడిసి ఉన్నప్పుడు కూడా లోపలికి గాలి వెళ్లడానికి ఉన్న దారులు. కిటికీలు అనుకోండి. ఇల్లంతా తడిసినా కిటికీ తెరిచే ఉంటుంది. అదే రోజుల తరబడి నీళ్లలో నానితే ఆ కిటికీలు కూడా పనిచేయవు, కుళ్లు మొదలవుతుంది.

కాబట్టి నీళ్ల సంగతి నన్ను "రోజుకెన్నిసార్లు" అని అడగకండి. అందరూ అదే అడుగుతారు. వేరుని అడగండి. వేరు తెల్లగా ఉందా, పూర్తిగా పచ్చబడేదాకా తడపండి. ఊరికే పైపైన స్ప్రే కొట్టి వదిలేస్తే చాలదు, వేరంతా పచ్చబడాలి. పచ్చగా ఉందా, ముట్టుకోకండి. నా దగ్గర చెక్కకి కట్టినవాటికి మండుటెండల్లో రోజుకి రెండుసార్లు పడతాయి. వానాకాలంలో కొన్ని వారాలు నేను చెయ్యే పెట్టను. చలికాలంలో రెండు మూడు రోజులకోసారి. మీ బాల్కనీలో గాలి ఎక్కువుంటే లెక్క మారుతుంది, మూసినట్టు ఉంటే ఇంకోలా మారుతుంది. అందుకే నా లెక్క రాసుకోవద్దు. ఆ రాసుకుంటున్నవాళ్లు కొట్టేయండి దయచేసి.

నీళ్లు ఎలాంటివి? వాననీళ్లు దొరికితే అంతకంటే ఏం కావాలి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువుంటే వేళ్ల మీద తెల్లటి పొర కడుతుంది, కొనలు నల్లబడతాయి. ఆ పొరకీ, వెలమెన్ తెలుపుకీ తేడా ఏంటంటే, ఈ పొర తడిపినా పోదు. ఆర్వో మెషీన్ నుంచి బయటికి పోయే నీళ్లు చాలామంది మొక్కలకి పడతారు, పొదుపు అని. దీనికి మాత్రం వద్దు. ఉప్పంతా అందులోనే ఉంటుంది.

ఇక కట్టడం. గరుకు బెరడున్న చెక్కముక్క, లేదా సందులున్న చెక్క బుట్ట. బుట్టలో వేస్తే పెద్ద బొగ్గు ముక్కలు నాలుగు వేయండి, అంతే. నిజానికి అవీ అక్కర్లేదు, మొక్క కదలకుండా ఆపడానికే. కొబ్బరి డిప్ప వాడేవాళ్లున్నారు. పొడి గాలి ఉన్నచోట బాగానే ఉంటుంది, కానీ రెండు మూడు రోజులు కడిగి ఉప్పు పోగొట్టాక వాడండి. వానలెక్కువున్న చోట అది నీళ్లు పట్టి ఉంచుతుంది, నాకు నచ్చదు.

ఎప్పుడు కట్టాలి? కొత్త వేళ్లు మొలుస్తున్నప్పుడు. వేరు కొన నిగనిగలాడుతూ లేతపచ్చగా, ఒక్కోసారి కొంచెం ఎర్రగా ఉంటుంది. ఆ కొన కనబడితే మొక్క మేలుకుని ఉందన్నమాట. ఆ కొన మాత్రమే చెక్కని పట్టుకోగలదు. పాత వేళ్లని బలవంతంగా చెక్కకి అదిమితే విరుగుతాయి, పట్టుకోవు. బట్ట పేలికతోగానీ, నైలాన్ దారంతోగానీ కట్టండి. ఊగకూడదు. ఊగితే కొన చెక్కకి రాసుకుని మాడిపోతుంది. కొన్ని నెలల్లో తనే పట్టుకుంటుంది, అప్పుడు దారం కోసేయండి. ఒకసారి పట్టుకున్నాక ఇక దాన్ని కదిలించకండి. పెద్ద చెక్కకి మార్చాలనిపిస్తే పాత చెక్కతో సహా కొత్తదానికి కట్టేయండి. ఈ మొక్కకి ఇల్లు మారడం ఇష్టముండదు, మారితే ఒక ఏడాది అలుగుతుంది.

ఇంకొకటి, చాలా ముఖ్యం. నిటారుగా కట్టకండి. ఆకుల తల కొంచెం పక్కకి వాలి ఉండాలి. ఎందుకు? ఈ మొక్క పైకి ఒక్క మొనతోనే పెరుగుతుంది. పక్కన ఇంకో మొన లేదు, కింద దుంప లేదు. ఆ నడిమి మొవ్వులో నీళ్లు నిలిచి కుళ్లిందంటే మొక్క పని అయిపోయినట్టే. నా రెండో మొక్క అలా పోబోయింది. వారం రోజులు ముసురు. నేను ఊళ్లో లేను. వచ్చి చూస్తే నడిమి ఆకు మొదట్లో గోధుమరంగు. లాగితే ఊడొచ్చింది, ఒకటే కంపు. కత్తిని నిప్పుమీద కాల్చి, కుళ్లినదంతా గట్టి భాగం వచ్చేదాకా తీసేశాను, గాలి తగిలేలా పొడిగా ఉంచాను. పైమొన పోయింది, కానీ ఏడాది తరవాత కింద పక్కనుంచి పిల్ల వేసింది. అది నా అదృష్టం, మీరు నమ్ముకోవద్దు. ముసురు పడితే చూరు కిందికి తెచ్చేయండి.

ఎండ సంగతికొద్దాం. 50 శాతం షేడ్‌నెట్ కింద పెట్టండి, పొద్దుటి ఎండ నేరుగా ఓ గంట రెండు గంటలు తగిలినా మంచిదే. మధ్యాహ్నపు ఎండ మాత్రం నేరుగా వద్దు. కారణం చెప్తాను, సరదాగా ఉంటుంది. మామూలు చెట్టు పగలు ఆకురంధ్రాలు తెరుస్తుంది, తేమ బయటికి పోతుంటే ఆకు చల్లబడుతుంది. మనకి చెమట పట్టినట్టు. ఇలాంటి మందపాటి ఆకుల ఆర్కిడ్లు నీళ్లు పోకుండా పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి తెరిచి గాలి పీలుస్తాయి. నీళ్లు మిగులుతాయి, నిజమే. కానీ పగలు చెమట పట్టదు. చెమట పట్టని మనిషిని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెడితే? ఆకు లోపలే ఉడికిపోతుంది. ముందు తెల్లగా, తరవాత నల్లగా మచ్చ పడుతుంది. మధ్యాహ్నం ఒంటిగంటకి ఆకుని రెండువేళ్లతో పట్టుకోండి. గాలికంటే బాగా వేడిగా ఉంటే పక్కకి జరపండి, లేదా గాలి వచ్చేలా చూడండి. ఇంతకంటే మంచి మీటర్ నేను చూడలేదు.

అలాగని నీడలో దాచకూడదు. నేను దాచాను. ఆ మొదటి దెబ్బ తరవాత భయపడి, వేడిపాలు తాగి మూతి కాల్చుకున్న పిల్లిలా అయిపోయాను. మెట్ల కింద వెలుతురులో పెట్టాను. మూడేళ్లు. ఆకులు ముదురుపచ్చ, నున్నగా, ఎంత అందంగా ఉన్నాయో. వచ్చినవాళ్లంతా మెచ్చుకున్నారు. ఒక్క పువ్వు లేదు. ఆకు ముదురుపచ్చగా ఉందంటే ఎండ చాలడం లేదని అర్థం. కొంచెం లేతగా, పసుపు కలిసిన పచ్చగా ఉండాలి. అంచుల్లో ఊదారంగు చుక్కలు కనబడితే ఇక చాలు, అంతకంటే ఎండ వద్దని అర్థం.

ఎండలోకి మార్చేటప్పుడు ఒక్కరోజులో మార్చకండి. మూడు నాలుగు వారాలు, కొంచెం కొంచెంగా జరుపుతూ.

చలికాలం గురించి కూడా అప్పుడే తెలిసింది. ఏడాది పొడవునా ఒకే తీరున నీళ్లూ ఎరువూ ఇస్తున్నాను. అడవిలో దీనికి అలా దొరకదు కదా? వానలు పోయాక నెలల తరబడి పొడి. ఆ పొడికాలంలో ఎరువు మానేసి, నీళ్లు తగ్గించాను. పూర్తిగా ఎండబెట్టలేదు, ఆకు ముడతపడేదాకా తీసుకెళ్లకూడదు. ఎండ పెంచాను, నీళ్లు తగ్గించాను. ఆ వేసవి మొదట్లో పూసింది. రెండూ ఒకేసారి చేశాను కాబట్టి దేనివల్ల ఎంత అని అడిగితే చెప్పలేను. రెండూ చేయండి.

చలి ఎంత తట్టుకుంటుంది అని చీటీ పంపారు. రాత్రి 15 డిగ్రీలకి పైనుంటే హాయిగా ఉంటుంది. 10కి దిగితే లోపలికి తెచ్చుకోండి, ఆ రోజుల్లో తడపకండి. పగలు 35 దాకా దిగుల్లేదు. అంతకుమించితే గాలిలో తేమ పెంచాలి. నేల తడపండి, మొక్కని కాదు.

ఎరువు గురించి ఎక్కువ చెప్పను. నత్రజని, భాస్వరం, పొటాష్ మూడూ సమంగా ఉండే 19-19-19 ఎరువు లీటరు నీళ్లకి అర గ్రాము, వారానికోసారి, పెరిగే కాలంలో మాత్రమే. నెలకోసారి ఒట్టి నీళ్లతో బాగా కడగాలి. పేడనీళ్లు, జీవామృతం పోయొచ్చా? మిగతా మొక్కలకి పోయండి. ఈ వెలమెన్ రంధ్రాల్లో ఆ చెత్తంతా ఇరుక్కుంటుంది.

పురుగుల్లో పొలుసు పురుగు, పిండినల్లి ఆకు మొదట్లో దాక్కుంటాయి. చీమలు బారు కట్టి ఎక్కుతున్నాయంటే పిండినల్లి ఉందేమో వెతకండి. తక్కువుంటే దూది మీద స్పిరిట్ వేసి తుడిస్తే చాలు. వేపనూనె కొడితే పొద్దుపోయాక కొట్టండి, ఎండలో కొడితే ఆకు మాడుతుంది. నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది నత్త. రాత్రి వస్తుంది, లేత వేరు కొనలు మాత్రమే తింటుంది. నెలంతా ఎదురుచూసిన కొన పొద్దున లేచేసరికి ఉండదు. టార్చి వేసుకుని రాత్రి పదింటికి వెతకడమే మందు.

పురుగంటే గుర్తొచ్చింది. ఈ ఆకుల కొసలు చూడండి, ఏదో కొరికినట్టు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. పురుగు కొట్టిందని ఒకాయన మూడుసార్లు మందు కొట్టారట. అది పురుగు కాదండీ, పుట్టుకే అంత. రెట్యూసా అన్న పేరుకి అర్థమే అది, కొస మొండిగా, నొక్కు పడినట్టు ఉన్నది అని.

కొనేటప్పుడు ఒక్కమాట. అడవిలోంచి పీక్కొచ్చినది కొనకండి. ఎలా తెలుస్తుంది? వేళ్లు సగానికి తెగి ఉంటాయి, వాటికి బెరడు ముక్కలు అంటుకుని ఉంటాయి. ఆకుల మీద పాత మచ్చలు. అలాంటిది మీ ఇంట్లో బతికే అవకాశమూ తక్కువే. ఆర్కిడ్ కుటుంబం మొత్తం సైటీస్ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద ఉంది, దేశాలు దాటించాలంటే అనుమతి కావాలి. నర్సరీలో విత్తనం నుంచి పెంచినవి ఉంటాయి, వేళ్లు కొనదాకా ఉంటాయి, అన్నీ ఒకే ఈడువి.

విత్తనం అంటే మనం చల్లుకుని మొలిపించుకునేది కాదు. ఒక్క కాయలో లక్షల విత్తనాలుంటాయి, దుమ్ములా. ఒక్కదాంట్లో కూడా మొలకకి తిండి ఉండదు. అడవిలో ఒక రకం శిలీంధ్రం దానిలోకి చేరి తిండి అందిస్తేనే మొలుస్తుంది. ఈ గుట్టు 1899లో నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త పట్టుకున్నాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ శిలీంధ్రం లేకుండా, చక్కెర కలిపిన అగర్ అనే జెల్లీలాంటి పదార్థం మీద సీసాలో మొలిపించే పద్ధతి అచ్చువేశాడు. ఇవాళ నర్సరీలో మీకు దొరికే మొక్క ఆ సీసాలోంచి వచ్చిందే. సీసాలోంచి పువ్వుదాకా ఐదారేళ్లు పట్టొచ్చు. అందుకే చిన్న పిల్లమొక్క చవగ్గా వస్తోందని తెచ్చుకుని, వచ్చే ఏడు పూయలేదని నన్ను అడగకండి.

చివరి ప్రశ్న ఇక్కడినుంచి వచ్చింది. పువ్వు వస్తోందని ముందే ఎలా తెలుస్తుంది? రెండూ ఆకు మొదటినుంచే వస్తాయి, వేరూ, పూలగుత్తీ. మొదట్లో రెండూ పచ్చటి బుడిపెలే. వేరు కొన గుండ్రంగా, నున్నగా ఉంటుంది. గుత్తి మొగ్గ కాస్త చదునుగా ఉంటుంది, పొరల మీద పొరలు చుట్టినట్టు గీతలు కనబడతాయి. ఇదిగో, ఈ మొక్కకి కిందనుంచి మూడో ఆకు, కుడివైపు. నిన్న పొద్దున చూశాను, మినపగింజంత ఉంది. నేను గుత్తి అంటున్నాను, మా ఇంట్లో వేరు అంటున్నారు. పది రోజుల్లో తేలుతుంది. వెళ్లేటప్పుడు ఒక్కొక్కరే వచ్చి చూడండి, మీరేమంటారో చెప్పండి. వేలు మాత్రం పెట్టకండి.